ఒకసారి వద్దన్న ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలోనే మళ్లీ డ్రైవర్‌గా చేరాలంటే

వరంగల్ దగ్గర మడికొండ దాటాక ఒక లారీ యార్డులో నాకు ట్రయల్ పెట్టిన రోజు, లారీ వెనక చక్రం ముందర ఒక రాయి అడ్డం పెట్టి ఉంది. నేను చూడలేదు. తాళం చేతికి రాగానే మెట్టెక్కి కూర్చున్నాను, సెల్ఫ్ కొట్టాను, గేరు వేశాను. బండి కదలకుండా మొరాయించింది. ఇంకొంచెం రేస్ ఇచ్చాను. చక్రం ఆ రాయినెక్కి దబ్బున దిగింది. ఆ తర్వాత అరగంట సేపు చేతిలో ఉన్న పనితనమంతా చూపించాను. రివర్స్‌లో ఒక్క కట్‌తో ప్లాట్‌ఫాంకు ఆనించాను. "ఫోన్ చేస్తాం" అన్నారు. ఫోన్ రాలేదు.

సిఫారసు లేదు కాబట్టే తీసుకోలేదని పది నెలలు కడుపులో పెట్టుకుని తిరిగాను. ఒకరోజు కాజీపేటలో టీ కొట్టు దగ్గర ఆ ట్రయల్ తీసుకున్న పెద్దాయన కనబడితే అడిగేశాను. "బండి మంచిగనే నడిపినవ్ బిడ్డా. ఎక్కే ముందు చుట్టూ ఒక్కసారి తిరిగి చూడలే. ఆ రాయి నేను పెట్టిందే" అన్నాడు. ఆ మాట చెవిన పడటానికి పది నెలలు పట్టింది. దిద్దుకోవడానికి వారం కూడా పట్టలేదు. మళ్లీ వెళ్లాను, తీసుకున్నారు. ఇప్పుడు ఆరేళ్లుగా కొత్తగా వచ్చే డ్రైవర్ల పక్కన కూర్చుని ట్రయల్ తీసుకునే పని నాది.

మేం వెనక్కి పంపినవాళ్లలో తిరిగి వచ్చేవాళ్లు చాలా తక్కువ. మంచి చెయ్యి ఉన్న కుర్రాళ్లు ఒక చిన్న లోపం దగ్గర ఆగిపోయి, అసలు కారణమేంటో తెలియక, నెలకు నాలుగు రాళ్లు తక్కువ వచ్చే చోట ఉండిపోతున్నారు. అది చూస్తే నాకు మనసు ఊరుకోదు. అందుకే ఇదంతా వరసగా చెబుతున్నాను.

మొదటి మెట్టు: ఎందుకు వద్దన్నారో పట్టుకోండి

మిగతా మెట్లన్నీ దీని మీదే నిలబడతాయి. కారణం తెలియకుండా మళ్లీ వెళ్తే అదే రాయి మళ్లీ తగులుతుంది.

ముందు మీరే ఒక లెక్క వేసుకోండి. మిమ్మల్ని ఎక్కడ ఆపారు? కాగితాలు చూసి, ట్రయల్ పెట్టకుండానే పంపేస్తే లోపం లైసెన్సులోనో, అనుభవంలోనో ఉంటుంది. బండి నడిపించాక పంపితే మీ అలవాట్లలో ఉంటుంది. "ఓకే, వచ్చే సోమవారం రండి" అని చెప్పి, నాలుగు రోజుల తర్వాత కాదన్నారంటే పాత ఓనర్‌ను విచారించినప్పుడో, పోలీస్ వెరిఫికేషన్‌లోనో, డాక్టర్ దగ్గరో తేడా వచ్చిందని అర్థం. ఈ ఒక్క లెక్కతో సగం సంగతి తేలుతుంది.

మిగిలిన సగం అడిగి తెలుసుకోవాలి. వద్దన్న రోజే అడగొద్దు, ఆ రోజు మీ గొంతులో కోపం ఉంటుంది. వారం పది రోజులాగి వెళ్లండి. యార్డులో ఉదయం బండ్లు వదిలే హడావుడి, రాత్రి లోడింగ్ హడావుడి ఉంటాయి. మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య మనిషి కాస్త కుదురుగా దొరుకుతాడు. నెలాఖరున వెళ్లకండి, బిల్లుల టెన్షన్‌లో ఉంటారు.

ఎవరిని అడగాలన్నది ఇంకా ముఖ్యం. హైదరాబాద్ ఆఫీసులో హెచ్‌ఆర్‌కు ఫోన్ చేస్తే కాగితాల్లో ఉన్నదే చెబుతారు, ఒక్కోసారి అదీ చెప్పరు. ట్రయల్ తీసుకున్న మనిషికి, యార్డు సూపర్‌వైజర్‌కు అసలు విషయం గుర్తుంటుంది. "నన్నెందుకు తీసుకోలేదు" అని నిలదీసినట్టు అడిగితే ఎవరూ చెప్పరు. ఇలా అడిగి చూడండి: "సార్, మొన్న ట్రయల్‌కు వచ్చిన. నాలో ఏం తక్కువైందో చెప్తే దిద్దుకుని వస్తా. ఎన్ని నెలలకు మళ్లీ రావచ్చు సార్?" రెండో ప్రశ్న మర్చిపోవద్దు. ఒకసారి వద్దన్న మనిషిని మళ్లీ చూడటానికి కొన్ని కంపెనీలు మూడు నెలలో, ఆరు నెలలో గడువు పెట్టుకుంటాయి. అది తెలియకుండా రెండో నెలలోనే వెళ్తే, లోపం సరిచేసుకుని కూడా ఊరికే తిరిగి రావాలి.

చెప్పిన కారణాన్ని ఆ రోజే రాసి పెట్టుకోండి, వాళ్ల మాటల్లోనే. "ఎక్స్‌పీరియన్స్ లేదు" అనడం వేరు, "ట్రైలర్ మీద ఎక్స్‌పీరియన్స్ లేదు" అనడం వేరు.

రెండో మెట్టు: కాగితాలు

వరంగల్ వైపు డ్రైవర్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది, బయటివాళ్లకు అది తెలియదు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. 2019లో ములుగు వేరు జిల్లా అయింది. 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండగా, రూరల్ పేరు వరంగల్‌గా మారాయి. ఇల్లు కదలకపోయినా జిల్లా పేరు రెండుసార్లు మారినవాళ్లు మనలో ఎంతోమంది. లైసెన్సు మీద ఒక జిల్లా, ఆధార్‌లో ఇంకో జిల్లా, బ్యాంకు పాస్‌బుక్‌లో మరొకటి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా. ఎక్కడో దూరాన కంప్యూటర్ ముందు కూర్చుని వెరిఫికేషన్ చేసే మనిషికి ఇదంతా అనుమానంగానే కనిపిస్తుంది. మీసేవకో, ఆధార్ సెంటర్‌కో, ఆర్టీఏ ఆఫీసుకో వెళ్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, అడ్రసు అన్నింటిలో ఒకేలా ఉండేట్టు చేయించుకోండి. పుట్టిన తేదీ తేడా ఉంటే అన్నిటికంటే ముందు అది సరిచేయించాలి.

2014కు ముందు తీసుకున్న లైసెన్సయితే దాని మీద ఏపీ నంబరే ఉంటుంది. ఆ నంబరును ఆన్‌లైన్‌లో మీరే కొట్టి చూడండి. వివరాలు రాకపోతే ఆర్టీఏ ఆఫీసులో సరిచేయించుకోవాలి. కంపెనీవాళ్లు కొట్టినప్పుడు "రికార్డ్ లేదు" అని వస్తే వాళ్లు మీకు ఫోన్ చేసి అడగరు, పేరు పక్కన గీత పెడతారు.

లైసెన్సులో ఏముందో కూడా సరిగ్గా చదువుకోండి. ఎల్‌ఎంవీ (తేలికపాటి బండ్ల) లైసెన్సుతో 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. ఆ తీర్పు మీద ధైర్యం పెట్టుకుని పది టైర్ల బండికి అప్లై చేస్తే లాభం లేదు, దానికి హెవీ లైసెన్సు ఉండాల్సిందే. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు గడువు ఇప్పుడు 5 ఏళ్లు. గడువు మూడు, నాలుగు నెలల్లో అయిపోతుందంటే రెన్యువల్ అయ్యాకే కంపెనీకి వెళ్లండి. పెట్రోలు, డీజిల్, గ్యాస్ ట్యాంకర్లు నడపాలనుకుంటే ప్రమాదకర సరుకుల శిక్షణ తీసుకుని, లైసెన్సు మీద ఆ ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి. మొదటి శిక్షణ 3 రోజులు, ఎండార్స్‌మెంట్ గడువు 3 ఏళ్లు. చర్లపల్లి డిపోల నుంచి ఇటు వచ్చే ట్యాంకర్ల ఉద్యోగం కావాలని చాలామంది వస్తారు, ఈ కాగితం లేకుండానే వస్తారు. మూడు రోజుల పని అది.

మూడో మెట్టు: వెనకటి ఓనరు, వెనకటి కేసు

కుర్రాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మన దగ్గర చాలామంది ఒకటి రెండు బండ్లున్న ఓనర్ల దగ్గర పని నేర్చుకుంటారు. భూపాలపల్లి బొగ్గు, కరీంనగర్ గ్రానైట్, మంచిర్యాల వైపు సిమెంటు, వడ్ల సీజన్లో ఐకేపీ సెంటర్ల నుంచి మిల్లులకు లోడ్లు. ఏళ్ల తరబడి బండి నడిపినా చేతిలో ఒక్క కాగితం ఉండదు. కంపెనీవాళ్లు "అనుభవం చూపించు" అంటే చూపించడానికి ఏమీ ఉండదు.

ఓనరు దగ్గరకు వెళ్లి ఒక ఉత్తరం రాయించుకోండి. తెల్లకాగితమైనా సరే. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు నడిపారో, బండి నంబరు, ఎన్ని టైర్లది, ఏ సరుకు, ఏ రూట్లు, యాక్సిడెంట్ ఉందా లేదా, కింద ఓనరు సంతకం, ఫోన్ నంబరు. "మంచి కుర్రాడు, నమ్మకస్తుడు" అని నాలుగు వాక్యాలు రాయించడం కంటే "12 టైర్ల బండి మీద రెండేళ్లు, రామగుండం నుంచి హైదరాబాద్ లైన్" అన్న ఒక్క ముక్క మాకు పనికొస్తుంది.

ఓనరుతో గొడవపడి బయటికొచ్చారా? అడ్వాన్సు బాకీ ఉండిపోయిందా? అది ముందు తెంపుకోండి. మేం ఫోన్ చేసినప్పుడు ఓనరు చెప్పే మొదటి మాట అదే ఉంటుంది: "నా దగ్గర ఇరవై వేలు తీసుకుని పోయిండు సార్." ఆ ఒక్క మాటతో అయిపోతుంది. డబ్బు మొత్తం ఒక్కసారి కట్టలేకపోతే నెలకింత అని మాట్లాడుకోండి, కట్టినదానికి చీటీ తీసుకోండి. పెద్దమనిషిని ఒకరిని వెంటబెట్టుకుని వెళ్తే మాట తొందరగా కుదురుతుంది. ఇది నేను కళ్లారా చూశాను: బాకీ కడుతున్నాడని తెలిశాక అదే ఓనరు ఫోన్లో "మనిషి మంచోడే, తీసుకోండి" అన్నాడు.

ఇంతకుముందు ఎక్కడైనా పీఎఫ్ కట్టి ఉంటే మీ యూఏఎన్ (పీఎఫ్ నంబరు)లో ఏ నెల నుంచి ఏ నెల వరకు ఎక్కడ పనిచేశారో కనబడుతుంది. అప్లికేషన్‌లో తేదీలు పెంచి రాస్తే అక్కడ దొరికిపోతారు. ఆరు నెలలు ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉన్నానని రాయండి.

యాక్సిడెంట్ కేసు ఉంటే దాచకండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, కేసు కొట్టేస్తే ఆ ఆర్డరు, లోక్ అదాలత్‌లో రాజీ అయితే ఆ కాగితం తీసుకెళ్లండి. కేసు ఉన్నంత మాత్రాన అందరినీ వద్దనరు, దాచి దొరికితే మాత్రం మళ్లీ గేటు లోపలికి రానివ్వరు. లైసెన్సు ఎప్పుడైనా సస్పెండ్ అయిందేమో కూడా చూసుకోండి. తాగి నడపడం, ఓవర్ స్పీడ్, సిగ్నల్ జంప్, నడుపుతూ ఫోన్, ఓవర్ లోడ్, గూడ్స్ బండిలో మనుషుల్ని ఎక్కించుకోవడం, వీటికి కనీసం 3 నెలలు లైసెన్సు సస్పెండ్ చేయాలని 2015లో సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ చెప్పింది. ఆ చివరిది మన దగ్గర ఎవరూ తప్పుగానే అనుకోరు. మేడారం జాతరకో, పత్తి ఏరడానికో జనాన్ని లారీలో ఎక్కించుకునే అలవాటు ఉంటే ఇప్పుడే మానేయండి.

నాలుగో మెట్టు: ఒంటి సంగతి

దీని గురించి ఎక్కువ చెప్పను కానీ చేయకుండా ఉండకండి. లైసెన్సుకు ఇచ్చే మెడికల్ సర్టిఫికెట్, ఫారం 1ఏ మీద డాక్టర్ సంతకం చేసేది ఊరికే కాదు. పగటి వెలుగులో 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు ప్లేటు చదవగలగాలి. మీ ఇంటి ముందర అడుగులతో కొలుచుకుని, ఒక కన్ను మూసి ఒకసారి, ఇంకో కన్ను మూసి ఒకసారి చదివి చూడండి. మసకగా ఉంటే వరంగల్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, వెళ్లి చూపించుకోండి. అద్దాలు పెట్టుకున్న డ్రైవర్‌ను ఎవరూ చిన్నచూపు చూడరు. అద్దాలు అవసరమై కూడా పెట్టుకోని డ్రైవర్‌ను చూస్తేనే నాకు భయం.

బీపీ, షుగర్ పరీక్ష ముందే చేయించుకోండి. ఉంటే మందులు వాడి అదుపులోకి వచ్చాక వెళ్లండి. ట్రయల్ ముందు రాత్రి మందు ముట్టవద్దు. చట్టంలో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. మంచి కంపెనీలో ఆ హద్దు కూడా చెల్లదు. రాత్రి పదకొండింటి దాకా తాగి, పొద్దున ఏడింటికి గేటు దగ్గర గొట్టంలో ఊదితే చూపిస్తుంది. ఆ ఒక్క పొరపాటుతో మంచి డ్రైవర్లు వెనక్కి పోవడం చూశాను.

ఐదో మెట్టు: చెయ్యి, అంతకంటే ముందు కళ్లు

పదేళ్లు నడిపినవాళ్లకు బండి ముందుకు పోనివ్వడం నేర్పాల్సిన పని లేదు. ట్రయల్‌లో మేం చూసేది అది కాదు. తాళం ఇచ్చిన తర్వాత మొదటి ఐదు నిమిషాలు చూస్తాం.

తాళం జేబులో వేసుకుని బండి ముందుకు వెళ్లండి. కింద నేల మీద నూనె గానీ, నీళ్లు గానీ కారిన మరకలున్నాయేమో వంగి చూడండి. హెడ్‌లైట్లు, ఇండికేటర్ల అద్దాలు తుడవండి. ఎడమ పక్కగా కదిలి ప్రతి టైరు మీద చెయ్యి వేయండి. గాలి దిగిందా, కోత పడిందా, జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందా చూడండి. నట్ల చుట్టూ తుప్పు గీత కనబడితే నట్టు వదులైందని అర్థం, అది పైకి చెప్పండి. వెనక్కి వెళ్లి డోరు గొళ్లెం, తాళ్లు, టార్పాలిన్, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు, స్టెప్నీ. బ్రేకుల గాలి ట్యాంకుల కింద వాల్వు లాగి, లోపల చేరిన నీళ్లు వదలండి. చక్రాల ముందు వెనకా అడ్డం ఏముందో చూడండి. కుడి పక్క నుంచి మళ్లీ డోరు దగ్గరకు రండి. అంతా కలిపి నాలుగైదు నిమిషాలు. సిగ్గుపడి తొందరపడకండి, ఎవరూ నవ్వరు.

ఎక్కాక సీటు, అద్దాలు సరిచేసుకుని, బెల్టు పెట్టుకుని స్టార్ట్ చేయండి. బ్రేకులకు గాలి ప్రెషర్ నిండి, బజర్ ఆగే వరకు బండి కదపొద్దు. ఈ ఓపిక లేక చాలామంది పోతారు. రివర్స్ చేసేటప్పుడు అనుమానం వస్తే దిగి చూడండి, ఎన్నిసార్లు దిగినా మార్కులు పోవు. క్లీనర్ కేకల మీద నమ్మకం పెట్టి వెనక్కి తీస్తే పోతాయి. న్యూట్రల్‌లో దించడం మన దగ్గర పాత అలవాటు, డీజిల్ మిగులుతుందని. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ లాంటి దిగుడులో అది ప్రాణం మీదికి తెస్తుంది. డీజిల్ లెక్క కూడా తప్పే. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ సరఫరా ఆగిపోతుంది, న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌కు డీజిల్ కాలుతూనే ఉంటుంది. దిగుడులో తక్కువ గేరు, ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజన్ పొగను అడ్డుకుని వేగం తగ్గించే బ్రేక్) వాడండి.

పాత బండ్ల మీదే పనిచేసినవాళ్లు 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన, పొగ తక్కువ వదిలే బీఎస్ 6 బండ్ల గురించి నేర్చుకోవాలి. పొగ శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే యాడ్‌బ్లూను డీజిల్ ట్యాంకులో పోస్తే ఏమవుతుంది, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్ లైటు వెలిగినప్పుడు ఏం చేయాలి, ఇవి అడుగుతారు. తెలిసిన మెకానిక్ దగ్గర రెండు మూడు రోజులు కూర్చుని చూస్తే వచ్చేస్తాయి. చేతిలో కొంచెం టైం ఉన్నవాళ్లు సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో పెట్టిన డ్రైవింగ్ శిక్షణ సంస్థ టైడ్స్‌లో అడిగి చూడండి. వద్దన్న తేదీ తర్వాత తీసుకున్న శిక్షణ సర్టిఫికెట్ ఒకటి ఫైల్లో ఉంటే, ఈ మనిషి ఊరికే కూర్చోలేదని చెప్పకుండానే తెలుస్తుంది.

రోడ్డు మీద కాగితాల జ్ఞానం కూడా ఇందులో భాగమే. సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం, ఈ-వే బిల్లు, 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున చెల్లుతుంది, 500 కిలోమీటర్ల లోడుకు 3 రోజులు. బండి చెడిపోయి సరుకు వేరే బండిలోకి మార్చితే కొత్త బండి నంబరు ఎక్కించాలి. గడువు దాటేట్టుంటే అయిపోవడానికి 8 గంటల ముందు నుంచి, అయిపోయాక 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. ఈ మాట మీ నోటి నుంచి వస్తే ఫ్లీట్ మేనేజర్ తలెత్తి చూస్తాడు, ఎందుకంటే అతని ఫోన్ మోగేది ఎక్కువగా ఇందుకే.

ఆరో మెట్టు: ఎప్పుడు, ఏ దారిన వెళ్లాలి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు దసరా తర్వాత పత్తి, సంక్రాంతి దాటాక మిర్చి పోటెత్తుతాయి. వడ్లు రెండు సీజన్లు. సరుకు కదిలే నెలల్లో బండ్లు ఖాళీగా ఉంచడం ఏ కంపెనీకీ కుదరదు. అందుకని సీజన్ మొదలవడానికి మూడు, నాలుగు వారాల ముందు వెళ్లండి. సీజన్ నడుమ వెళ్తే తీసుకుంటారేమో కానీ ట్రయల్ సరిగా పెట్టరు, సీజన్ అయిపోగానే పంపేయొచ్చు. పండగకు ఊరికెళ్లిన డ్రైవర్లలో కొందరు చెప్పిన రోజుకు తిరిగిరారు. దసరా అయిన మూడో రోజు యార్డు గేటు దగ్గర నిలబడ్డ కుర్రాడికి అదే రోజు ట్రయల్ దొరకడం నా దగ్గరే జరిగింది.

నేరుగా గేటు తెరుచుకోకపోతే పక్క దారి ఉంది. పెద్ద కంపెనీలు సొంత బండ్లతో పాటు బయటి ఓనర్ల బండ్లను అటాచ్ చేసుకుని నడిపిస్తాయి. అలాంటి అటాచ్ బండి మీద డ్రైవర్‌గా చేరండి. ఉద్యోగం ఓనరు దగ్గరే, కానీ లోడ్ ఎక్కేది, బిల్టీ (సరుకు రవాణా చీటీ) తీసుకునేది, డెలివరీ రసీదు తెచ్చి ఇచ్చేది ఆ కంపెనీ యార్డులోనే. ఆరు నెలలు టైముకు చేరుస్తూ, సరుకు తగ్గకుండా, రసీదు పోగొట్టకుండా పనిచేస్తే గేటు దగ్గర సెక్యూరిటీ నుంచి సూపర్‌వైజర్ దాకా మీ మొహం గుర్తుపడతారు. నా దృష్టిలో సిఫారసు కంటే ఇది వంద రెట్లు నయం. ఓనరుకు మాత్రం ముందే చెప్పి, బండికి ఇంకో డ్రైవర్ దొరికేదాకా ఆగి, మంచిగా బయటికి రండి.

ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్ల దగ్గరకు వెళ్లొద్దు. ట్రయల్ ఫీజు, రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్ అని ఫోన్‌పేలో వేయమంటే అది మోసమే. వేసేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

ఏడో మెట్టు: రెండోసారి కూర్చున్నప్పుడు

ఇంతకుముందు వచ్చిన సంగతి మీరే ముందు చెప్పండి. వాళ్ల రిజిస్టరులో మీ పేరు ఉంటుంది, దాచినా తెలుస్తుంది. ఒక్క వాక్యంలో కారణం, ఇంకో వాక్యంలో మీరేం చేశారో, ఆ వెంటనే కాగితం బల్ల మీద పెట్టాలి. కిందటేడు నర్సంపేట వైపు నుంచి ఒక తమ్ముడు రెండోసారి వచ్చాడు. "సార్, పోయిన మార్చిలో వచ్చిన. ట్రైలర్ అనుభవం లేదన్నరు. ఏడు నెలల నుంచి ట్రైలర్ మీద ఉన్న, గ్రానైట్ లైన్. ఇదిగో ఓనరు ఉత్తరం, ఇవి బిల్టీలు" అని పద్నాలుగు బిల్టీ కాపీలు తేదీల వరసన పెట్టాడు. నేను అడగాల్సింది ఏమీ మిగల్లేదు, నేరుగా బండి తాళం ఇచ్చాను. అతను బండి చుట్టూ తిరిగి, ఒక టైరు దగ్గర ఆగి, "సార్, దీంట్ల గాలి తక్కువుంది" అన్నాడు. నిజంగానే తక్కువుంది. నాకే తెలియదు.

కొన్ని ప్రశ్నలు మాత్రం తప్పకుండా వస్తాయి. రాత్రి రెండింటికి నిద్ర ముంచుకొస్తోంది, పొద్దున ఆరింటికి డెలివరీ, ఏం చేస్తారు? ఎలాగోలా చేరుస్తానని చెప్పి మెప్పించాలని చూస్తారు చాలామంది. సరైన మాట: బండి సురక్షితమైన చోట ఆపి, ఆఫీసుకు ఫోన్ చేసి, పడుకుంటాను. లోడింగ్ దగ్గర ఎక్కువ బరువు వేస్తే? కాటా చీటీ చూసుకుని, 10 టైర్ల బండికి సరుకుతో కలిపి 28.5 టన్నులు దాటితే కదపనని చెప్పండి. పాత ఓనరు ఎలాంటివాడని అడిగితే తిట్టకండి, నిజంగా చెడ్డవాడైనా సరే. రేపు మా గురించి కూడా ఇలాగే చెబుతాడనిపిస్తుంది.

ఎనిమిదో మెట్టు: తీసుకున్నారు, సంతకం పెట్టే ముందు

సంతోషంలో చదవకుండా సంతకం పెట్టేస్తారు. ఆగండి. జీతం ఎంత, బత్తా రోజుకా కిలోమీటరుకా, డీజిల్ యావరేజ్ తగ్గితే కోత ఎలా వేస్తారు, సరుకు పాడైతే ఎంత వరకు మీ మీద పడుతుంది, ఇవి కాగితం మీద ఉండాలి. పీఎఫ్ ఉందా అడగండి, మీ వాటా 12 శాతం, కంపెనీ కూడా అంతే కట్టాలి. జీతం నెలకు 21,000 లోపు అయితే ఈఎస్‌ఐ (కార్మికుల వైద్య బీమా) వస్తుందా అని అడగండి, ఇంట్లో పిల్లలకు వైద్యం దానితోనే. చట్టం ప్రకారం మామూలు పని రోజుకు 8 గంటలు, వారానికి 48. లైన్ మీద ఇది ఎంతవరకు సాగుతుందో మనకు తెలిసిందే, అయినా రెస్ట్ ఎక్కడ ఇస్తారో, దూరం లోడుకు రెండో డ్రైవర్‌ను ఇస్తారో లేదో మొదటి రోజే అడిగి తెలుసుకోండి.

ఒరిజినల్ లైసెన్సు ఆఫీసులో పెట్టమంటే పెట్టకండి, జిరాక్స్ ఇవ్వండి. చెక్ చేసుకోవడానికి తీసుకుంటే అదే రోజు తిరిగి అడిగి తెచ్చుకోండి. మొదటి ట్రిప్పుకు బండి అప్పగించేటప్పుడు చుట్టూ ఉన్న గీతలు, సొట్టలు, టైర్ల నంబర్లు, స్టెప్నీ, జాకీ అన్నింటినీ ఫోన్లో ఫోటోలు తీసుకుని, ఆ ఫోటోలు సూపర్‌వైజర్‌కు వాట్సాప్‌లో పంపి, సరేనని మెసేజ్ వచ్చాక గేటు దాటండి.